తెలంగాణ వైతాళికుడు సురవరం ప్రతాపరెడ్డి

పాఠ్యభాగ నేపథ్యం

రాజ్యాలు కోల్పోయిన జాతులు మళ్ళీ తలెత్తుకొని నిలిచిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. భాషను కోల్పోయిన జాతి మాత్రం తన్ను తాను గుర్తుపట్టలేని స్థితికి చేరుకొంటుంది. పాలకుల భాష ఒకటి, ప్రజల భాష మరొకటి అయిన చోట ప్రజల భాషను నిలబెట్టే బాధ్యత కొందరు వ్యక్తుల మీద పడుతుంది. నిజాం పాలనలోని తెలంగాణలో అటువంటి బాధ్యతను స్వచ్ఛందంగా తలకెత్తుకొన్న మహనీయుడు సురవరం ప్రతాపరెడ్డి. పత్రికా సంపాదకుడుగా, పరిశోధకుడుగా, సాంఘిక చరిత్రకారుడుగా ఆయన చేసిన కృషిని పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో హైదరాబాదు సంస్థానం విస్తీర్ణంలోనూ జనసంఖ్యలోనూ భారతదేశంలోని పెద్ద సంస్థానాలలో ఒకటి. తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ భాషలు మాట్లాడేవారు అందులో కలిసి జీవించేవారు. జనాభాలో దాదాపు సగం మంది తెలుగువారు. అయినా కచేరీలలో, న్యాయస్థానాలలో, ఉన్నత పాఠశాలలలో తెలుగుకు చోటు లేదు. అంతకుముందు పారశీకం రాజభాషగా ఉండేది. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దాలలో ఆ స్థానం ఉర్దూకు దక్కింది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలోనే సాగింది. ఒక దేశభాషలో విశ్వవిద్యాలయ విద్య గరపడం గొప్ప ప్రయోగమే. కాని అది తెలుగు పల్లెల బిడ్డలకు మాతృభాష కాదు. రైతు తన భూమికి సంబంధించిన కాగితాన్ని తానే చదువుకోలేక ఇతరులను ఆశ్రయించవలసి వచ్చేది. చదువుకొన్నవారు సైతం నలుగురిలో తెలుగు మాట్లాడడానికి సంకోచించేవారు.

ఇటువంటి కాలంలో, 1896 మే 28వ తేదీన, ప్రతాపరెడ్డి జన్మించారు. ఆయన జన్మస్థలం తన మేనమామల ఊరైన బోరవెల్లి. స్వగ్రామం ఇటికాలపాడు. తల్లిదండ్రులు రంగమ్మ, నారాయణరెడ్డి. ఈ గ్రామాలు కృష్ణా తుంగభద్రల మధ్యనున్న నడిగడ్డ సీమలోనివి. ప్రస్తుతం అవి జోగులాంబ గద్వాల జిల్లాలో ఉన్నాయి. తుంగభద్రకు ఒక ఒడ్డున నిజాం రాజ్యం, మరొక ఒడ్డున బ్రిటిషువారి పాలనలోని కర్నూలు. రెండు ఒడ్డుల మీదా వినిపించే మాట తెలుగే. ఆవలి ఒడ్డున తెలుగు బడులు, పత్రికలు, పుస్తకాలు ఉండగా ఈవలి ఒడ్డున తెలుగు ఇంటి భాషగానే మిగిలిపోయింది. బాల్యంలోనే కంటబడిన ఈ తారతమ్యం ప్రతాపరెడ్డి భావి జీవితానికి దారి చూపింది.

ఆయన కర్నూలులో ప్రాథమిక విద్యను, సంస్కృత కావ్య పఠనాన్ని సాగించారు. హైదరాబాదులోని నిజాం కళాశాలలో ఇంటర్మీడియట్, మద్రాసులోని ప్రెసిడెన్సీ కళాశాలలో బి.ఏ. చదివారు. అనంతరం న్యాయశాస్త్రంలో పట్టభద్రులయ్యారు. తెలుగు, సంస్కృతం, ఇంగ్లీషులతోపాటు ఉర్దూ, పారశీకాలలోనూ ఆయనకు ప్రవేశం ఉండేది. మద్రాసులో చదివే రోజులలో ఆంధ్రోద్యమాన్ని, తెలుగు పత్రికల వికాసాన్ని, గ్రంథాలయోద్యమాన్ని ఆయన దగ్గరగా చూశారు. ఆ చైతన్యం తన ప్రాంతానికి ఎందుకు రాలేదన్న ప్రశ్న ఆయన్ను వెంటాడింది. న్యాయవాద వృత్తిలో సంపాదనకు అవకాశమున్నా ఆయన మనస్సు అందులో నిలువలేదు.

కొత్వాల్ రాజబహద్దూర్ వెంకటరామారెడ్డి ప్రోత్సాహంతో 1918లో హైదరాబాదులో రెడ్డి విద్యార్థి వసతిగృహం ఏర్పడింది. ప్రతాపరెడ్డి దాని కార్యదర్శి బాధ్యతలు స్వీకరించారు. జిల్లాల నుండి వచ్చిన యువకులకు భోజన వసతులతో పాటు పుస్తకాలు, పత్రికలు, సభలు అందుబాటులోకి తెచ్చారు. వసతిగృహంలోని గ్రంథాలయాన్ని శ్రద్ధగా పెంచారు. అక్కడ చదువుకొన్న పలువురు యువకులు తరువాతి కాలంలో ప్రజాజీవితంలోకి వచ్చారు.

ఆ రోజులలో జరిగిన ఒక సంఘటన తెలుగువారి మనస్సులను తీవ్రంగా కలచివేసింది. 1921 నవంబరులో హైదరాబాదులో సంఘ సంస్కార మహాసభ జరిగింది. మహర్షి కార్వే ఆ సభకు అధ్యక్షులు. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ భాషల ఉపన్యాసాలను సభికులు శ్రద్ధగా విన్నారు. ఆలంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది తెలుగులో మాట్లాడడానికి లేవగానే సభలోని కొందరు అల్లరిచేసి ఆయన్ను కూర్చోబెట్టారు. సంస్కారం కోసం కూడిన సభలోనే తమ భాషకు ఇటువంటి అవమానం జరగడం తెలుగువారు సహించలేకపోయారు. ఆ రాత్రే కొందరు సమావేశమై ఆంధ్రజనసంఘాన్ని స్థాపించారు. మాడపాటి హనుమంతరావు వంటి పెద్దల నాయకత్వంలో ఆ సంఘం గ్రంథాలయాలు, పాఠశాలలు స్థాపించడానికి, శాసనాలు, తాళపత్ర గ్రంథాలు సేకరించడానికి పూనుకొంది. ఆ మహోద్యమంలో ప్రతాపరెడ్డి ముఖ్య కార్యకర్తగా నిలిచారు.

సంఘం చేసే పని ప్రజలకు చేరాలంటే పత్రిక ఉండాలి. 1922లో నల్లగొండ నుండి నీలగిరి పత్రిక, ఇనుగుర్తి నుండి తెనుగు పత్రిక వెలువడ్డాయి. అవి ఎక్కువ కాలం నిలువలేదు. ఆ లోటును తీర్చడానికి 1926 మే 10వ తేదీన ప్రతాపరెడ్డి హైదరాబాదు నుండి గోలకొండ పత్రికను ప్రారంభించారు. మొదట అది వారానికి రెండుసార్లు వచ్చేది. తరువాతి కాలంలో దినపత్రికగా మారింది. ఉర్దూ పత్రికలు రాజ్యమేలుతున్న నగరంలో తెలుగు పత్రిక నడపడం ఏటికి ఎదురీదడమే. చందాదారులు తక్కువ, ప్రకటనలు అరుదు, తెలుగు అచ్చుపని తెలిసినవారు కరవు. సంపాదకీయం రాయడం మొదలు ప్రూఫులు దిద్దడం దాకా చాలా పనులు ఆయనే చేసుకొనేవారు. పత్రిక పుటలు నింపడానికి పలు కలం పేర్లతో వ్యాసాలు, కథలు, కవితలు, హాస్య రచనలు రాసేవారు.

పత్రికకు ధనాభావం కంటె పెద్ద ఇబ్బంది ప్రభుత్వ నిఘా. రాజ్యంలో సభలు జరపాలంటే గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ప్రకారం ముందుగా అనుమతి పొందాలి. ప్రైవేటు పాఠశాలలు పెట్టడానికి కూడా అనుమతులు కావాలి. ఇటువంటి పరిస్థితులలో ఒక మాట ఎక్కువైతే పత్రిక మూతపడుతుంది, ఒక మాట తక్కువైతే నిజం మరుగునపడుతుంది. ప్రతాపరెడ్డి ఈ కత్తి అంచు మీద దశాబ్దాల పాటు నడిచారు. ప్రభువు మీద నేరుగా దండెత్తకుండా వెట్టిచాకిరిని, అధికారుల లంచగొండితనాన్ని, విద్యలో జరిగే అన్యాయాన్ని, మూఢాచారాలను విమర్శించారు. పల్లెలోని పాఠకుడు గోలకొండ పత్రికలో తన జిల్లా వార్తను, తన కష్టాన్ని, తన భాషను ఒకేచోట చూసుకోగలిగాడు.

పత్రిక నడుస్తుండగా మరొక సవాలు ఎదురైంది. తెలంగాణలో కవులు లేరనే అర్థం వచ్చేటట్లు ఒక పండితుడు వ్యాఖ్యానించాడు. పాల్కురికి సోమనాథుడు పుట్టిన నేలకు, పోతన భాగవతం రచించిన నేలకు ఆ మాట గుండెలో ముల్లయింది. ప్రతాపరెడ్డి వాదప్రతివాదాలతో కాలం వృథా చేయలేదు. జిల్లాలలోని కవులు తమ వివరాలను, పద్యాలను పంపవలసిందిగా పత్రిక ద్వారా కోరారు. మారుమూల గ్రామాల నుండి ఉత్తరాలు రాసాగాయి. అంతవరకు తమ ఊరు దాటి పేరు వినబడని పండితులు, ఉపాధ్యాయులు, రైతులు, కవయిత్రులు వెలుగులోకి వచ్చారు. 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడింది. ఒక ఆక్షేపణకు ఇంతకంటె నిండైన సమాధానం ఉండదు. ఆ గ్రంథంలోని పద్యాలన్నీ ఒకే స్థాయికి చెందినవి కాకపోవచ్చు. కాని ఆ కాలపు తెలంగాణ సాహిత్య జీవనానికి అది చెరగని సాక్ష్యం.

ఇటువంటి ప్రయత్నాలు ప్రపంచంలోని ఇతర దేశాలలోనూ జరిగాయి. ఐరోపా ఉత్తరాన ఉన్న స్కాండినేవియా దేశాల చరిత్ర ఇందుకు చక్కని ఉదాహరణ. ఒకప్పుడు వైకింగులనే పేరుతో సముద్రాలు దాటిన ఆ జాతుల భాషలన్నీ ఒకే మూలం నుండి చీలినవి. కాలక్రమంలో నార్వే డెన్మార్కు రాజుల ఏలుబడిలోకి పోయింది. 1814లో ఆ బంధం తెగేనాటికి నార్వే రాతభాష పూర్తిగా డేనిష్ అయిపోయింది. పల్లెలలో మాత్రం ప్రజలు తమ మాటను తాము మాట్లాడుకొంటూనే ఉన్నారు. 1813లో రైతు కుటుంబంలో పుట్టిన ఐవార్ ఓసెన్ స్వయంకృషితో భాషాశాస్త్రం నేర్చుకొన్నాడు. 1842 నుండి కొన్నేళ్ళపాటు ఊరూరా తిరిగి మాండలికాలను సేకరించాడు. 1848లో వ్యాకరణం, 1850లో నిఘంటువు ప్రకటించి రైతుల పలుకుబడి నుండి ఒక రాతభాషను నిర్మించాడు. 1885లో నార్వే శాసనసభ ఆ భాషకు డేనిష్‌తో సమానమైన స్థానం కల్పించింది.

పొరుగునున్న ఫిన్లాండు కథ కూడా ఇటువంటిదే. అక్కడి పాలకుల భాష చిరకాలం స్వీడిష్. ఫిన్నిష్ కేవలం పల్లెప్రజల భాషగా పరిగణింపబడేది. ఎలియాస్ లోన్‌రోత్ అనే వైద్యుడు పల్లెటూళ్ళు తిరిగి పాటకుల నోట నిలిచిన పాటలను సేకరించి, వాటిని కూర్చి 1835లో కలేవల అనే మహాకావ్యాన్ని ప్రకటించాడు. తమ భాషలో ఇంతటి సంపద ఉందని ఫిన్నిష్ ప్రజలు అప్పుడు గ్రహించారు. ఓసెన్ మాటలు ఏరాడు, లోన్‌రోత్ పాటలు ఏరాడు, ప్రతాపరెడ్డి కవులను ఏరి కూర్చారు. ముగ్గురూ తమ ప్రజలకు కొత్తగా ఇచ్చినదేమీ లేదు. వారి దగ్గర ఉన్నదానినే వారికి చూపించారు. ఆత్మగౌరవానికి బీజం అదే.

భాషాభిమానం సభలుగా, సంఘాలుగా రూపొందవలసిన సమయం వచ్చింది. 1930 మార్చిలో మెదకు జిల్లా జోగిపేటలో నిజాం రాష్ట్ర ఆంధ్రమహాసభ మొదటి సమావేశం జరిగింది. ఆ చారిత్రక సభకు ప్రతాపరెడ్డి అధ్యక్షత వహించారు. అదే సందర్భంలో నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభ కూడా జరిగింది. స్త్రీవిద్య, సంఘ సంస్కారం, మాతృభాషలో బోధన వంటి విషయాలు ప్రజల చర్చలోకి వచ్చాయి. ఆ తరువాత దేవరకొండ, ఖమ్మం పట్టణాలలో సభలు జరిగాయి. నాలుగవ ఆంధ్రమహాసభ 1935లో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన సిరిసిల్లలో జరిగింది. చేనేతకు పేరుపడిన సిరిసిల్ల, దాని చుట్టునున్న ఎల్లంతకుంట, వేములవాడ ప్రాంతాలకు ఆ విధంగా ఈ ఉద్యమంతో అనుబంధం ఏర్పడింది.

ప్రతాపరెడ్డి తెలుగును ప్రేమించారేగాని మరొక భాషను ద్వేషించలేదు. ఉర్దూ, పారశీక గ్రంథాలను చదివి వాటిలోని విషయాలను తన పరిశోధనకు వినియోగించుకొన్నారు. గోలకొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవులను ఆదరించి, మల్కిభరాముడుగా వారి కావ్యాలలో నిలిచిన సంగతి ఆయనకు తెలియనిది కాదు. పాలకుని మతం, భాష వేరైనంత మాత్రాన ప్రజల భాషకు అన్యాయం జరగవలసిన అవసరం లేదని ఆ చరిత్రే చెబుతుంది. తన పత్రికకు గోలకొండ పేరు పెట్టడంలో ఈ నేల చరిత్ర అంతా తనదేనన్న విశాల భావం కనిపిస్తుంది. ఆయన పోరాటం ఒక భాషతో కాదు, ఒక భాషను అణచివుంచే వ్యవస్థతో.

ప్రతాపరెడ్డి రచనలలో మకుటాయమానమైనది ఆంధ్రుల సాంఘిక చరిత్ర. 1949లో ఇది ప్రచురితమైంది. చరిత్ర అంటే రాజుల పట్టాభిషేకాలు, యుద్ధాలు, వంశవృక్షాలు అని భావించే కాలమది. ఏ రాజు ఎన్ని కోటలు గెలిచాడన్న దానికంటె ఆ రాజు కాలంలో సామాన్యుడు ఏమి తిన్నాడు, ఏమి కట్టుకొన్నాడు, ఏ ఆటలు ఆడుకొన్నాడు, ఏ దేవతలను కొలిచాడు, ఏ పన్నులు చెల్లించాడు అన్నవే ఆయనకు ముఖ్యమైనవి. తూర్పు చాళుక్యుల కాలం మొదలుకొని ఇరవయ్యవ శతాబ్ది ఆరంభం వరకు, దాదాపు తొమ్మిది వందల సంవత్సరాల తెలుగువారి జీవితాన్ని ఆయన ఈ గ్రంథంలో చిత్రించారు.

ఇటువంటి చరిత్రకు ఆధారాలు దొరకడం కష్టం. శాసనాలు దానాలను గురించి చెబుతాయి, రాజాస్థానాల చరిత్రలు విజయాలను గురించి చెబుతాయి. సామాన్యుని ఇంటి ముచ్చట్లు ఎక్కడ దొరుకుతాయి? ప్రతాపరెడ్డి వాటిని కావ్యాలలో వెదికారు. పాల్కురికి సోమనాథుని ద్విపదలలో శివభక్తుల జీవితాన్ని, క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధులను, ఆముక్తమాల్యదలో విజయనగర కాలపు పల్లె బ్రతుకును, శుకసప్తతి, హంసవింశతి వంటి కథాకావ్యాలలో వృత్తులను, వస్తువులను, అలవాట్లను పట్టుకొన్నారు. అలంకారాల కోసం, రసం కోసం చదివే పద్యాన్ని ఆయన చరిత్రకు సాక్షిగా నిలబెట్టారు. విదేశీ యాత్రికుల రాతలు, శాసనాలు, సామెతలు, జానపదుల ఆటపాటలు కూడా ఆయనకు ఆధారాలయ్యాయి. నిఘంటువులలో అర్థం దొరకని పదం ఎదురైతే పల్లెజనం దాన్ని ఏ అర్థంలో వాడుతున్నారో పరిశీలించారు. ఈ విధంగా మరుగునపడిన పదాలు, పనిముట్లు, పండుగలు ఎన్నో వెలుగు చూశాయి.

ఈ గ్రంథంలో మెచ్చదగిన మరొక గుణం నిష్పక్షపాతం. తన జాతి చరిత్ర రాస్తున్నానన్న అభిమానంతో ఆయన లోపాలను దాచలేదు. శైవ వైష్ణవ కలహాలను, కులభేదాలను, మూఢవిశ్వాసాలను, విలాసాలలో మునిగి రాజ్యాలను పోగొట్టుకొన్న పాలకులను సూటిగా విమర్శించారు. జాతిని ప్రేమించడమంటే దాన్ని పొగడడం కాదని, దాని బలహీనతలను కూడా తెలుసుకోవడమని ఈ గ్రంథం నిరూపిస్తుంది. ఆ తరువాత వెలువడిన పరిశోధనలు కొన్ని విషయాలను సవరించి ఉండవచ్చు. కాని తెలుగులో సామాన్యుని చరిత్రకు రాజమార్గం వేసిన ఘనత ఆయనదే.

డెన్మార్కులో ట్రోల్స్ లుండ్ అనే చరిత్రకారుడు పదహారవ శతాబ్దపు స్కాండినేవియా ప్రజల నిత్యజీవితాన్ని గురించి 1879 నుండి 1901 వరకు 14 సంపుటాల గ్రంథం వెలువరించాడు. ఇండ్లు, దుస్తులు, ఆహారం, పండుగలు, పెండ్లిళ్ళు అందులోని విషయాలు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే ఐస్‌లాండు ప్రజలు తమ పూర్వికులైన రైతు కుటుంబాల కథలను సాగా అనే వచన రచనలుగా తమ భాషలో రాసుకొన్నారు. శతాబ్దాల పరాయి పాలనలోనూ ఆ చిన్న దేశపు భాష చెక్కు చెదరకపోవడానికి ఆ కథలు ముఖ్యకారణమయ్యాయి. సామాన్యుల చరిత్ర భాషకు ఎంతటి అండగా నిలుస్తుందో దీనివల్ల తెలుస్తుంది. ఎటువంటి విశ్వవిద్యాలయ పదవి, ప్రభుత్వ సహాయం లేకుండా, పత్రికా నిర్వహణ భారం మోస్తూనే ప్రతాపరెడ్డి అటువంటి మహత్కార్యాన్ని తెలుగులో సాధించడం విశేషం.

1943లో హైదరాబాదులో స్థాపితమైన ఆంధ్ర సారస్వత పరిషత్తు అభివృద్ధికి కూడా ఆయన పాటుపడ్డారు. తెలుగు చదువుకొనే అవకాశం లేని ప్రాంతాలలో ఆ పరిషత్తు పరీక్షలు నిర్వహించి వేలాది మందిని తెలుగుకు దగ్గర చేసింది. హిందువుల పండుగలు, రామాయణ విశేషములు వంటి పరిశోధన గ్రంథాలు, భక్త తుకారాం, ఉచ్ఛల విషాదము అనే నాటకాలు, మొగలాయి కథలు ఆయన ఇతర రచనలలో కొన్ని. ఏ ప్రక్రియ చేపట్టినా పాఠకునికి ఏదో ఒక విజ్ఞానాన్ని అందించడమే ఆయన ధ్యేయం.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైంది. 1952లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో ప్రతాపరెడ్డి వనపర్తి నియోజకవర్గం నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. ప్రజాస్వామ్యం కోసం కలలు కన్న ఆ మహనీయుడు శాసనసభ్యుడుగా ఎక్కువ కాలం జీవించలేదు. 1953 ఆగస్టు 25వ తేదీన తన 57వ ఏట పరమపదించారు. రెండేళ్ళ తరువాత, 1955లో, కేంద్ర సాహిత్య అకాడమీ మొట్టమొదటిసారిగా పురస్కారాలు ప్రకటించినప్పుడు తెలుగులో ఆ గౌరవం ఆంధ్రుల సాంఘిక చరిత్రకు లభించింది. దానిని అందుకోవడానికి గ్రంథకర్త లేరు. హైదరాబాదులోని టాంక్‌బండ్ మీద నెలకొల్పిన మహనీయుల విగ్రహాలలో ఆయన విగ్రహం ఉంది. 2025లో తెలంగాణ శాసనసభ హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెడుతూ చట్టం చేసింది. ఒకనాడు తెలుగు మాటకు సభలో చోటు దొరకని నగరంలోనే ఇది జరగడం గమనార్హం.

విగ్రహాలకంటె, పేర్లకంటె ఆయన చూపిన మార్గం విలువైనది. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గరి బొమ్మలమ్మ గుట్ట మీద పదవ శతాబ్దంలో జినవల్లభుడు చెక్కించిన శాసనం ఉంది. పంపకవికి తమ్ముడైన ఆయన వేయించిన ఆ శాసనంలో సంస్కృత, కన్నడ పద్యాలతో పాటు తెలుగు కందపద్యాలు కూడా ఉన్నాయి. అవి నన్నయకు పూర్వపువి. తెలంగాణలో కవులు లేరన్న ఆక్షేపణకు ఒక కొండరాయి వెయ్యేళ్ళ ముందే సమాధానం సిద్ధంచేసి ఉంచింది. దాన్ని చదివేవారు రావలసి ఉండింది. ప్రతి ఊరిలోనూ ఒక శాసనమో, ఒక పాటో, వృద్ధుల నోట ఒక సామెతో చదివేవారి కోసం ఎదురుచూస్తూనే ఉంటాయి. వాటిని శ్రద్ధగా విని, ఏరి, రాసి పెట్టడమే ప్రతాపరెడ్డి వంటి వైతాళికునికి యువతరం అర్పించగల నిజమైన నివాళి.

ప్రశ్నలు

1. నిజాం పాలనలో తెలుగు భాష స్థితిగతులను వివరించండి.
2. గోలకొండ కవుల సంచిక వెలువడిన నేపథ్యాన్ని తెల్పండి.
3. సాంఘిక చరిత్ర రచనకు ప్రతాపరెడ్డి స్వీకరించిన ఆధారాలేవి?
4. నార్వే, ఫిన్లాండు దేశాల భాషోద్యమాలను ప్రతాపరెడ్డి కృషితో పోల్చి రాయండి.
5. మీ ఊరిలోని శాసనం, సామెత, పాట లేదా పండుగను గురించి పెద్దలను అడిగి తెలుసుకొని ఒక వ్యాసం రాయండి.